సిగ్నల్ లేని కొండకు లెక్కల పాఠం

మాస్టారే తీసిన వీడియో.. మెమరీ కార్డులో ఊరికి
అర్థమయ్యేదాకా మళ్లీ మళ్లీ వినే వీలు

అరకులోయ: పదో తరగతి గణితంలో తప్పిన విద్యార్థి నిజానికి నాలుగైదేళ్ల ముందే దారి తప్పి ఉంటాడు. ఐదో తరగతిలో భాగహారం దగ్గరో, ఆరో తరగతిలో భిన్నాల దగ్గరో ఆగిపోయి ఉంటాడు. సాంఘిక శాస్త్రంలో ఒక పాఠం పోయినా తర్వాతి పాఠం చదువుకోవచ్చు. గణితంలో ఆ వెసులుబాటు లేదు. కింది మెట్టు విరిగితే పై మెట్టు అందదు. జ్వరాల సీజన్‌లో పది రోజులు, ఇటుకల పండగకు వారం, కాఫీ పళ్ల కోతకు మరికొన్ని రోజులు బడికి దూరమయ్యే మన్యం పిల్లలకు ఈ మెట్లు విరగడం ఏటా జరిగేదే.

మైదాన ప్రాంతంలో ఇటువంటి పిల్లవాడిని ట్యూషన్‌కు పంపుతారు. లేదా ఇంట్లో అన్నో అక్కో దగ్గర కూర్చోబెట్టుకుని చెబుతారు. పాడేరు ఐటీడీఏ పరిధిలోని 11 మండలాల్లో చాలా గూడేలకు ఆ రెండూ లేవు. ఆశ్రమ పాఠశాలలో ఉపాధ్యాయుడు ఒకసారి చెబుతాడు. అప్పటికి అర్థం కాకపోతే రెండోసారి చెప్పేవారు ఉండరు. ఉపాధ్యాయులు తామే తీసే చిన్న వీడియో పాఠాలను ఈ కోణం నుంచి చూడాలి. అవి బడికి ప్రత్యామ్నాయం కావు. అదే మాస్టారు, అదే గొంతుతో, రెండోసారి చెప్పే పాఠాలు మాత్రమే.

ఇది మన్యం ఒక్కదాని సమస్య కాదు. దేశవ్యాప్తంగా గ్రామీణ ప్రాంతాల్లో జరిపిన అసర్ సర్వే ప్రకారం ఐదో తరగతి పిల్లల్లో భాగహారం చేయగలిగినవారు 2022లో 25.6 శాతం, 2024లో 30.7 శాతం. అంటే పదిమందిలో ఏడుగురు ఆ మెట్టు ఎక్కకుండానే ఆరో తరగతిలోకి అడుగుపెడుతున్నారు. ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటి, పుస్తకం భాష ఇంకొకటి అయిన చోట పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా ఉంటుందని ఆశించలేం.

ఉపగ్రహం నుంచి ట్యాబ్ దాకా

తెర మీద పాఠం చెప్పడం తెలుగువారికి కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన 'సైట్' ప్రయోగంలో అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్‌ను ప్రయోగించారు. చదువుల కోసమే పంపిన ఉపగ్రహం అది. ఉమ్మడి రాష్ట్రంలో 'మన టీవీ' పాఠాలు డిష్ యాంటెనాల ద్వారా బడులకు చేరాయి. 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో 'విద్యామృతం', 'విద్యావారధి' పేర్లతో పాఠాలు ప్రసారమయ్యాయి.

వీటన్నింటిలోనూ ఒక చిక్కు ఉమ్మడిగా కనిపిస్తుంది. ప్రసారం ఎవరి కోసమూ ఆగదు. వర్షానికి కరెంటు పోతే ఆ రోజు పాఠం పోయినట్లే. 'హారం' అన్న మాట దగ్గర పిల్లవాడు ఆగిపోయినా తెర మీద టీచర్ ముందుకు వెళ్లిపోతుంది. కథో పాటో అయితే మధ్యలో అందుకోవచ్చు. లెక్కలో మూడో వరుస అర్థం కాకపోతే నాలుగో వరుస నుంచి చివరిదాకా అంతా వ్యర్థమే.

తర్వాత వచ్చిన ట్యాబ్‌లు ఆ లోపాన్ని కొంత తీర్చాయి. బైజూస్ సంస్థతో 2022 జూన్‌లో కుదిరిన ఒప్పందం మేరకు ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలు ముందుగానే నింపిన ట్యాబ్‌లను రాష్ట్ర ప్రభుత్వం ఆ ఏడాది డిసెంబరులో పంపిణీ చేసింది. 2023 డిసెంబరు 21న రెండో విడత పంపిణీని అప్పటి ముఖ్యమంత్రి మన జిల్లాలోని చింతపల్లిలోనే ప్రారంభించారు. ఇంటర్నెట్ లేకున్నా పాఠం తెరుచుకోవడం, కావలసిన చోట ఆపుకోగలగడం కొండ ప్రాంతానికి సరిపడే గుణాలు. అయితే ఆ పాఠాలను తీర్చిదిద్దినవారికి మన్యం బడి తెలియదు. ఏ పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో తెలుసుకుని పాఠాన్ని మార్చే అధికారం ఇక్కడి ఉపాధ్యాయుడికి లేదు. బైజూస్ మాతృసంస్థ 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. కొని తెచ్చిన పాఠం కొన్నవారి చేతిలో ఎంతకాలం ఉంటుందన్న ప్రశ్న దాంతో ముందుకొచ్చింది. మాస్టారు తీసిన వీడియోకు ఆ బెంగ లేదు. ఆయన బదిలీపై వెళ్లిపోయినా పాఠం బడిలోనే ఉంటుంది. బదిలీ కోరుకునే పోస్టింగులు ఎక్కువగా ఉన్న ఏజెన్సీలో ఇది చిన్న విషయం కాదు.

చుట్టాలమ్మాయికి చెప్పిన లెక్క

ప్రపంచంలో ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చింది కూడా ఒక ఇంటి ట్యూషనే. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న సల్మాన్ ఖాన్ అనే బంగ్లాదేశీ మూలాలున్న యువకుడు 2004లో వేరే ఊళ్లో ఉన్న బంధువుల అమ్మాయి నాదియాకు ఫోన్‌లో లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. బంధువుల పిల్లలు పెరిగేసరికి అందరికీ విడివిడిగా చెప్పలేక 2006లో వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టాడు. నేరుగా చెప్పినదానికంటే వీడియోయే బాగుందని ఆ పిల్లలు అన్నారని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. కారణం సులువైనదే. వీడియోను పదిసార్లు వెనక్కు తిప్పినా అది విసుక్కోదు. 'ఇంత చిన్న విషయం తెలియదా' అని నలుగురిలో అనదు. ఎదుటివారిని రెండోసారి అడగడానికి బిడియపడే పిల్లలు మన వసతిగృహాల్లో ఎందరున్నారో వార్డెన్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ఖాన్ వీడియోల్లో ఆయన ముఖం కనిపించదు. నల్లటి తెర మీద రంగు గీతలతో లెక్క సాగుతుంది, గొంతు వినిపిస్తుంది. ఇలా చేత్తో రాస్తూ చెప్పడమే మేలని తర్వాతి పరిశోధన కూడా చెప్పింది. ఎడ్‌ఎక్స్ ఆన్‌లైన్ కోర్సుల్లో విద్యార్థులు 69 లక్షల సార్లు వీడియోలు చూసిన తీరును పరిశీలించి 2014లో ఒక అధ్యయనం వెలువడింది. ఆరు నిమిషాలు దాటిన వీడియోలను ఎక్కువమంది మధ్యలోనే వదిలేశారు. అచ్చు వేసిన స్లైడ్‌ల కన్నా చేత్తో రాస్తూ చెప్పిన పాఠాలను ఎక్కువసేపు చూశారు. స్టూడియో హంగుల కంటే బల్ల దగ్గర కూర్చుని మామూలుగా మాట్లాడినవే నిలిచాయి. అంటే ఖరీదైన కెమెరా లేదని వెనకడుగు వేయాల్సిన అవసరం లేదన్నమాట.

ఇంకా పాత ఉదాహరణ ఒకటుంది. 1970ల్లో మధ్య అమెరికా దేశమైన నికరాగ్వాలో రేడియో ద్వారా ప్రాథమిక తరగతులకు గణితం బోధించారు. బొమ్మ లేదు, బోర్డు లేదు. అయినా మామూలు తరగతుల కంటే ఆ పిల్లలకు లెక్కలు బాగా వచ్చాయని పరీక్షల్లో తేలింది. ఆ పాఠాల్లో రేడియో ఒక ప్రశ్న వేసి కొన్ని క్షణాలు మౌనంగా ఉండేది. పిల్లలు గట్టిగా జవాబు చెప్పేవారు. తర్వాత రేడియో సరైన జవాబు చెప్పేది. ప్రసారం అయ్యాక తరగతి ఉపాధ్యాయుడు అదే పాఠం మీద అభ్యాసం చేయించేవాడు. మన వీడియోల్లో కొరవడేది ఈ మౌనమే. చెప్పేవారు గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తారు, చూసేవారు తలాడిస్తారు. పుస్తకం తెరిచి లెక్క చేయమంటే చేయి కదలదు. ప్రశ్న వేసి, 'వీడియో ఆపి నువ్వు చెయ్యి' అని పది క్షణాలు ఆగే మాస్టారి పాఠమే పనికొస్తుంది.

కుంచంలో భిన్నాలు

ఆరు నిమిషాల పాఠంలో ఏం చెప్పవచ్చో ఒక ఉదాహరణ చూద్దాం. సగానికి పావు కలిపితే ఎంత అని అడిగితే చాలామంది పిల్లలు పైనున్న అంకెలు పైన, కిందవి కింద కలిపేసి ఆరింట రెండు అంటారు. తప్పు అని ఎర్రసిరాతో కొట్టేస్తే వారికి తెలిసేది మార్కు పోయిందని మాత్రమే. ఎందుకు తప్పో తెలియదు.

ఇక్కడి సంతల్లో ధాన్యం కొలిచిన కొలతలు పెద్దవారికి ఇప్పటికీ గుర్తే. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. ఊరినిబట్టి పరిమాణంలో తేడా ఉన్నా రెట్టింపు వరుస ఇదే. ఫోన్‌ను బల్లపైకి గురిపెట్టి, మాస్టారు ఒక అడ్డ చోళ్లు కుంచంలో పోస్తాడు. సగం నిండింది. ఇప్పుడు ఒక మానిక పోస్తాడు. కుంచంలో మానిక నాలుగో వంతు. మట్టం సగం దాటి పైకి వచ్చింది. అక్కడ ఆపి, 'ఆరింట రెండు అంటే ఎంత?' అని అడుగుతాడు. మూడింట ఒకటి. అంటే సగం కంటే తక్కువ. సగం కుంచానికి ఇంకొంత పోశాక చోళ్లు తగ్గుతాయా? పిల్లవాడే నవ్వుకుంటాడు. ఆ తర్వాత అడ్డను రెండు మానికలుగా కొలిచి చూపి, రెండు మానికలూ ఒక మానికా కలిపి మూడు మానికలని, కుంచంలో నాలుగింట మూడు వంతులని చెబితే 'హారాలు సమానం చేయడం' అన్న మాటకు అర్థం చేతికి అందుతుంది. అదే వీడియో చివర పుస్తకంలోని పద్ధతిలో లెక్క రాసి చూపితే చాలు.

శాతాలకు సంతే ఉంది. 20 కిలోల మిరియాల మూటకు ఒక కిలో 'తరుగు' కింద తీసేస్తే పోయింది 5 శాతం. కిలో 500 రూపాయలు అనుకుంటే ఆ ఒక్క తూకంలో 500 రూపాయలు పోయినట్లు. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఈ వీడియోను తండ్రికి చూపిస్తే పాఠం మరింత దూరం పోతుంది. పట్నంలో తయారయ్యే వీడియోలో ఇటువంటి ఉదాహరణకు చోటు దొరకదు. అక్కడ పిజ్జాను ముక్కలు చేసి భిన్నాలు చెబుతారు. పిజ్జా చూడని పిల్లలకు ముందు పిజ్జా అంటే ఏమిటో చెప్పాల్సి వస్తుంది.

ఏ భాషలో చెప్పాలి

అరకు, అనంతగిరి, డుంబ్రిగుడ, ముంచంగిపుట్టు పరిసరాల్లో ఆదివాసీ ఒడియా, కువి, కొండ భాష మాట్లాడే ఇళ్లు ఎక్కువ. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ప్రారంభించిన బహుభాషా విద్యలో ఈ మూడింటితోపాటు సవర, కోయ, గోండి, కొలామీ, బంజారా కలిపి ఎనిమిది భాషల్లో ప్రాథమిక తరగతులకు వాచకాలు రూపొందించారు. ఇప్పుడు పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిషులో, ఎదుటి పేజీ తెలుగులో వస్తున్నాయి. ఇంటి భాషకు మాత్రం ఎదురు పేజీ లేదు. ఆ లోటును వీడియో తీర్చగలదు. ఉపాధ్యాయుడికి కువి రాకపోయినా, ఆ భాష వచ్చిన సహోద్యోగి గొంతును అదే బొమ్మ మీద చేర్చవచ్చు. అచ్చువేయాల్సిన పని లేదు, లిపి మీద తర్జనభర్జన లేదు.

భాష మారితే లెక్కే మారే సందర్భాలు కూడా ఉన్నాయి. సీతంపేట కొండల్లోని సవరల సంప్రదాయ లెక్కింపు ఇందుకు చక్కటి ఉదాహరణ. వారు 12 వరకు లెక్కించి, 13ను 'పన్నెండు-ఒకటి' అన్న అర్థం వచ్చేలా పలుకుతారు. 19 అంటే 'పన్నెండు-ఏడు'. ఆ తర్వాత 20 ఒక కట్ట. 32 అంటే 'ఇరవై-పన్నెండు'. ఇంట్లో ఈ వరుసలో విన్న పిల్లవాడికి బడిలో 19 అంటే పది, తొమ్మిది అని చెబితే స్థానవిలువ దగ్గర తడబడటంలో వింతేముంది? అది మందబుద్ధి కాదు, రెండు లెక్కింపు పద్ధతుల మధ్య రాకపోక. 19 పుల్లలను ఒకసారి పన్నెండూ ఏడుగా, మరోసారి పదీ తొమ్మిదిగా కట్టి చూపే మూడు నిమిషాల వీడియో ఈ చిక్కును విప్పుతుంది. అయితే ఆ పద్ధతి తెలిసిన ఉపాధ్యాయుడే దాన్ని తీయగలడు.

తెలుగునాట ఈ దారి వేసిన ఉపాధ్యాయుడు ఉన్నాడు. పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి సవరల భాష నేర్చుకుని, వారి పిల్లల కోసం ఆ భాషలోనే పుస్తకాలు తయారుచేసి, బడులు నడిపారు. 1931లో ఆయన సవర వ్యాకరణం వెలువడింది. వ్యావహారిక భాషోద్యమ నేతగా ఆయనను ఏటా ఆగస్టు 29న తలచుకుంటాం కానీ, తన విద్యార్థుల కోసం తానే పాఠం తయారుచేసుకున్న పంతులుగా తలచుకోవడం తక్కువ.

తీయడం ఎలా, పంపడం ఎలా

కావలసినవి ఒక స్మార్ట్‌ఫోన్, తెల్లకాగితాలు, లావుపాటి స్కెచ్ పెన్ను. రెండు పుస్తకాల దొంతరల మీద ఒక చెక్కపేడు అడ్డంగా పెట్టి, దాని అంచున ఫోన్‌ను కిందికి చూసేలా కట్టేస్తే స్టాండు సిద్ధం. కిటికీ వెలుతురు పక్క నుంచి పడాలి, వెనక నుంచి పడితే చేతి నీడ లెక్క మీద పడుతుంది. గాలి, వాన చప్పుడు లేని గది చూసుకోవాలి. రేకుల షెడ్డులో వానాకాలం ఈ పని కుదరదు. ఒక వీడియోకు ఒకే విషయం. పిల్లల ముఖాలు, పేర్లు వీడియోలో రానివ్వకపోవడం మంచిది. తీశాక మరో గణిత ఉపాధ్యాయుడు ఒకసారి చూడాలి. బోర్డు మీద దొర్లిన పొరపాటును మరునాడు దిద్దుకోవచ్చు కానీ వంద ఫోన్లలోకి వెళ్లిన పొరపాటును దిద్దలేం.

అసలు మెలిక సైజు దగ్గర ఉంది. ఫోన్‌లో ఫుల్ హెచ్‌డీలో తీస్తే నిమిషానికి 100 ఎంబీ దాటవచ్చు. లెక్కల పాఠానికి అంత స్పష్టత అక్కర్లేదు. సెకనుకు 500 కిలోబిట్ల స్థాయికి కుదిస్తే ఆరు నిమిషాల పాఠం సుమారు 22 ఎంబీలో ఇమిడిపోతుంది. 2జీ సిగ్నల్ మీద, సెకనుకు 100 కిలోబిట్లు అందినా, అది దిగడానికి అరగంట పడుతుంది. అదే 32 జీబీ మెమరీ కార్డులో అటువంటి పాఠాలు వెయ్యికి పైగా పడతాయి.

టవర్లు రాలేదని కాదు. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి ప్రారంభించిన 100 జియో 4జీ టవర్లలో అత్యధికం ఈ జిల్లాలోనివే. సేవలు లేని 24,680 గ్రామాలకు 4జీ అందించేందుకు కేంద్రం 2022 జులైలో 26,316 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. కానీ కొండకు ఇటువైపు టవరుంటే అటువైపు గూడేనికి సిగ్నల్ అందకపోవడం కనుమల్లో మామూలే. కరెంటు పోతే టవరూ పోతుంది. అందువల్ల ఆన్‌లైన్ అన్న మాటకు ఇక్కడ అర్థం కొంచెం మారాలి. సిగ్నల్ ఉన్న చోట ఒకరు దించుకుంటే, అక్కడి నుంచి కార్డులోనో, బ్లూటూత్‌లోనో ఊరికి చేరాలి. సంతరోజు ఇందుకు అనువైనది. ఇంటర్నెట్ లేకుండానే వైఫై ద్వారా ఒక గదిలోని ఫోన్లన్నింటికీ పాఠాలు అందించే 'కొలిబ్రి' వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. వసతిగృహాల్లో సాయంత్రం స్టడీ అవర్‌కు ఒక పాత కంప్యూటర్‌తో ఈ ఏర్పాటు చేసుకోవచ్చు. నాడు-నేడు కింద 2023 నుంచి ఉన్నత పాఠశాలల్లో అమర్చిన ఫ్లాట్ ప్యానెళ్లకు పెన్‌డ్రైవ్ తగిలించినా చాలు.

ఊరికే కాకుండా దేశమంతటికీ పాఠాన్ని అందించాలనుకునేవారికి దీక్షా వేదిక ఉంది. 2017లో మొదలైన ఈ వేదికకు ఉపాధ్యాయులు పాఠాలు అందించేలా 2020 ఏప్రిల్‌లో విద్యాదాన్ కార్యక్రమాన్ని విస్తరించారు. పుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే పాఠం తెరుచుకునేది దీని ద్వారానే.

పరికరం కాదు, సమయం

ఇన్ని చెప్పినా, వీడియోతో తీరని లోటులు ఉన్నాయి. ఇంట్లో ఒకటే ఫోన్ ఉంటే అది పగలంతా తండ్రి జేబులో తోటకు వెళుతుంది. రాత్రి తిరిగొచ్చాక కొడుకు చేతికి అందినంత సులువుగా కూతురి చేతికి అందదు. ఈ కారణంగానే ఇళ్ల కన్నా వసతిగృహాల్లో ముందు ఈ పని జరగాలి. గణిత ఉపాధ్యాయుడి పోస్టు ఖాళీగా ఉన్న బడిలో ప్యానెల్ మీద వీడియో వేసి తరగతి జరిగిందని రాసుకోవడం మొదలైతే, అది మేలు కంటే కీడు. పిల్లవాడి నోటు పుస్తకం చూసి అతడు ఎక్కడ ఆగాడో కనిపెట్టే పని ఏ తెరా చేయదు.

ఉపాధ్యాయుల మీద ఇప్పటికే హాజరు నుంచి భోజనం ఫొటోల దాకా యాప్‌ల భారం ఉంది. దాని మీద వీడియోల లక్ష్యాలు కూడా మోపితే లెక్కకు వీడియోలు వస్తాయి కానీ లెక్కలు రావు. పాడేరు ఐటీడీఏ ట్రైపాడ్‌లు కొనివ్వడం కంటే, ప్రతి మండలంలో ఆసక్తి ఉన్న ఇద్దరు ముగ్గురు గణిత ఉపాధ్యాయులకు నెలకు రెండు రోజులు ఈ పనికి కేటాయించి, ఇంటి భాష తెలిసిన ఉపాధ్యాయులను వారికి జతచేయడం చవకైన పని.

ఏ పాఠాలతో మొదలుపెట్టాలన్నది కూడా ముఖ్యమే. పరీక్షలు దగ్గరపడ్డాయని పదో తరగతి త్రికోణమితి నుంచి మొదలుపెట్టాలనిపించడం సహజం. కొండ బడులకు ముందుగా కావలసినవి స్థానవిలువ, అప్పు తెచ్చుకునే తీసివేత, రెండంకెల భాగహారం, భిన్నాల కూడిక, దశాంశాలు, శాతాలు, రుణసంఖ్యలు. ఇవన్నీ కలిపి ముప్పై వీడియోలు దాటవు. ఫైలు పేరులోనే తరగతి, పాఠం, భాష తెలుగు లిపిలో రాస్తే పిల్లలు వెతుక్కోగలుగుతారు. త్రికోణమితి ఆ తర్వాత.